ఆటలోకి తిరిగి వచ్చే హక్కు

(ఆలమూరులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీడలు, స్త్రీల హక్కులు అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఒక టెన్నిస్ క్రీడాకారిణి గురించి మాట్లాడతానని చెప్పాను. ఆలమూరులో టెన్నిస్ గోలేమిటని మీలో కొంతమందికి అనిపించవచ్చు. చుట్టూ వరిచేలు, అరటితోటలు, కొబ్బరితోటలు, గౌతమి ఒడ్డున లంకలు. ఇక్కడి ఆడపిల్లలు ఆడితే కబడ్డీ ఆడతారు, ఖోఖో ఆడతారు. టెన్నిస్ అనేది పట్నాల్లో క్లబ్బులున్న వాళ్ళ ఆట. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అయినా ఈ ఆటనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. టెన్నిస్‌లో ప్రతి క్రీడాకారిణి ర్యాంకునూ దాదాపు వారం వారం ప్రకటిస్తారు. ఆమె ఎప్పుడు పైకి వెళ్ళింది, ఎప్పుడు పడిపోయింది, ఎన్ని నెలలు ఆటకు దూరంగా ఉంది, అన్నీ అంకెల్లో ఉంటాయి. ఒక స్త్రీ పని జీవితాన్ని ఇరవై ఏళ్ళపాటు ఇంత వివరంగా నమోదు చేసే చోటు అరుదు. కోత కోసే స్త్రీ, కొబ్బరి పీచు తీసే స్త్రీ, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీ ఏ ఏడాది ఎందుకు పని మానేసిందో, ఎందుకు తిరిగి చేరలేకపోయిందో ఎవరూ రాసిపెట్టరు. అంచేత ఈ ఒక్క రికార్డును కాస్త జాగ్రత్తగా చదివితే, రాసిపెట్టని చాలా జీవితాల గురించి మనకు కొంత తెలుస్తుంది.

మగపిల్లవాడు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోతే ‘ఫామ్‌లో లేడు’ అంటాం. ఫామ్ మళ్ళీ వస్తుందనే నమ్మకం ఆ మాటలోనే ఉంది. ఆడపిల్ల ఓడిపోతే ‘ఆడింది చాల్లే’ అంటాం. ఒక్కోసారి గెలిచినా అదే మాట, ‘సరదా తీరింది కదా’ అని. వృత్తిలో ఎత్తుపల్లాలు ఉన్నాయంటే, పల్లం తర్వాత మళ్ళీ ఎత్తు ఎక్కే అవకాశం ఉందని అర్థం. మన ఆడపిల్లల్లో చాలామంది ఆటకు ఎత్తుపల్లాలు ఉండవు. ఒక మొదలు ఉంటుంది, ఒక ఆగిపోవడం ఉంటుంది. సానియా మీర్జా కనీసం నాలుగుసార్లు కిందపడి తిరిగి వచ్చింది. ఆమె ఎలా రాగలిగింది? ఏ ఏర్పాట్లు ఆమెకు దారి ఇచ్చాయి? ఏ మాటలు అడ్డం వచ్చాయి? ఆ ఏర్పాట్లు మన ఊరి పిల్లకు ఎందుకు లేవు? ఈ రోజు మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్నలు ఇవే.

సానియా 1986లో ముంబయిలో పుట్టి హైదరాబాదులో పెరిగింది. ఆరేళ్ళ వయసులో ఆట మొదలుపెట్టింది. అప్పటికి మన దేశంలో ఆడపిల్ల టెన్నిస్‌ను వృత్తిగా ఎంచుకుని బతకడమన్నది ఊహకు కూడా అందని విషయం. ఓపెన్ యుగంలో గ్రాండ్‌స్లామ్ పోటీ ప్రధాన దశలో ఒక భారతీయ స్త్రీ సింగిల్స్ మ్యాచ్ గెలవడం 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నిరుపమా వైద్యనాథన్‌తోనే మొదలయింది. తాను పేడతో అలికిన కోర్టుల మీద ఆడి పెరిగానని సానియా చాలాసార్లు చెప్పింది. ఎండలో ఆడితే నల్లబడిపోతుంది, ఇంక ఎవరు చేసుకుంటారు అని చుట్టాలూ తెలిసినవాళ్ళూ అన్న సంగతీ చెప్పింది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్ల రాకెట్ పట్టుకుంటే సమాజానికి ముందు కనిపించింది ఆమె ఒంటి రంగు, ఆ రంగుకు పెళ్ళి సంతలో పలికే ధర. ఈ మాట కోనసీమలో ఏ ఇంట్లోనైనా వినిపించేదే. అది పట్నపు మాట కాదు, ఒక మతం మాటా కాదు.

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలిచి ఆమె వృత్తి క్రీడాకారిణి అయింది. 2005 ఆమెకు పెద్ద సంవత్సరం. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్ళి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో సొంత ఊరు హైదరాబాదులో సింగిల్స్ టైటిల్ గెలిచింది. మహిళా టెన్నిస్ సంఘం సర్క్యూట్‌లో ఒక భారతీయ స్త్రీ గెలిచిన మొట్టమొదటి సింగిల్స్ టైటిల్ అది. సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరింది. అప్పటికి ఆమెకు ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండలేదు.

అదే సెప్టెంబరులో పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. అది ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి కాదు, వేసుకునే స్కర్టు గురించి. ఒక మత పెద్ద ఆమె దుస్తులు మతానికి విరుద్ధమని ప్రకటించాడు. కోల్‌కతాలో ఆడడానికి వెళ్తే పోలీసుల కాపలా పెట్టాల్సి వచ్చింది. మరోపక్క ఆమె ‘ఆధునిక ముస్లిం యువతి’ అని పొగిడే పత్రికలు కూడా అదే స్కర్టు ఫోటోను మొదటి పేజీలో వేసుకున్నాయి. తిట్టినవారికీ పొగిడినవారికీ ఆమె శరీరం ఒక జెండాగానే పనికివచ్చింది. 2008 మొదట్లో జాతీయ జెండాకు దగ్గరగా కాళ్ళు పెట్టుకుని కూర్చుందన్న ఒక ఫోటో మీద కేసు పెట్టారు. ఏది చేసినా వివాదమవుతోందని, ఆ ఏడాది సొంత దేశంలో జరిగే బెంగుళూరు టోర్నమెంటులో ఆడనని ఆమె ప్రకటించింది. పని చేసుకునే స్త్రీని ఆమె పనిచోటు నుంచి మాటలతో తరిమేయడం మనకు కొత్త కాదు. ఇక్కడ తరిమింది ఒక ఇల్లో ఒక ఊరో కాకుండా దేశం మొత్తం కావడమే తేడా.

ఇక శరీరం లోపలి సంగతికి వద్దాం. స్కర్టు గురించి రాసినంతగా ఎవరూ రాయనిది ఆమె మోకాలు, మణికట్టు గురించి. క్రీడ శ్రమ అని మనం మరచిపోతాం. రోజుకు గంటల తరబడి గట్టి నేల మీద పరుగెత్తడం, బంతిని ఒకే తీరున వేలసార్లు కొట్టడం, పదకొండు నెలలు ఊరూరా తిరగడం. నాట్లు వేసే స్త్రీ నడుము, బీడీలు చుట్టే స్త్రీ వేళ్ళు అరిగినట్టే క్రీడాకారిణి కీళ్ళూ అరుగుతాయి. 2007 తొలి నెలల్లో సానియా మోకాలికి దెబ్బ తగిలి శస్త్రచికిత్స జరిగింది. ఆమె పని అయిపోయిందన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఆమె సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ ర్యాంకు చేరింది. ఆమె సింగిల్స్ జీవితంలో అదే శిఖరం. ఆ శిఖరం ఆపరేషన్ తర్వాత వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోండి.

మరుసటి ఏడాది మణికట్టు దెబ్బతింది. మళ్ళీ ఆపరేషన్. బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్‌లోనే నొప్పి తట్టుకోలేక మ్యాచ్ మధ్యలో వదిలేసింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించని రోజులవి అని తర్వాత చెప్పింది. మూడు నాలుగు నెలలు తీవ్రమైన కుంగుబాటులో ఉన్నానని, కారణం లేకుండా ఏడుపు వచ్చేదని, గది దాటి బయటికి రాలేదని కూడా చెప్పింది. అప్పుడు ఆమెకు 21 ఏళ్ళు. ఆ నెలల్లో ర్యాంకు వంద దరిదాపులకు పడిపోయింది. ఆ అంకె పత్రికల్లో వచ్చింది, ఆ ఏడుపు రాలేదు. దేశానికి ఒలింపిక్ పతకం తేవాల్సిన చెయ్యి అది. ఆ చేతికి నొప్పి పుడితే చూసుకోవాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె వెనక చూసుకోగలిగిన తల్లిదండ్రులున్నారు, వైద్యానికి డబ్బుంది. అందుకని తిరిగి రాగలిగింది. 2009 జనవరిలో మహేష్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. ఒక భారతీయ స్త్రీ గెలిచిన మొదటి గ్రాండ్‌స్లామ్ టైటిల్ అది.

మూడోసారి ఆమె తిరిగి వచ్చిన తీరు వేరు. మణికట్టు ఇక సింగిల్స్ భారాన్ని మోయదని తేలిపోయాక, 2013 నాటికి సింగిల్స్‌ను పూర్తిగా వదిలేసి డబుల్స్ మీదనే నిలబడింది. దీన్ని చాలామంది దిగజారడంగా చూశారు. డబుల్స్‌కు పేరు తక్కువ, డబ్బు తక్కువ. కాని ఒక పనిమనిషి తన శరీరం ఏ పనికి ఓర్చుకుంటుందో తానే తేల్చుకుని, ఆ పనిలో ఆరితేరడం ఓటమి ఎలా అవుతుంది? 2015లో మార్టినా హింగిస్‌తో జతకట్టింది. ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి ర్యాంకు చేరింది. మన దేశం నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి స్త్రీ ఆమే. జూలైలో వింబుల్డన్ ఫైనల్లో మూడో సెట్‌లో 2-5తో వెనకబడి ఉన్న స్థితి నుంచి 7-5తో గెలిచారు. తర్వాత యు.ఎస్. ఓపెన్, 2016 మొదట్లో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు, 43 డబుల్స్ టైటిళ్ళు, 91 వారాలు మొదటి ర్యాంకు. ఇదంతా ‘పని అయిపోయింది’ అన్న తర్వాత జరిగింది.

ఇంత గెలిచిన స్త్రీ తన రంగంలో తన మాట చెల్లించుకోగలిగిందా? 2012 లండన్ ఒలింపిక్స్ సంగతి చూడండి. పురుషుల డబుల్స్‌లో ఎవరు ఎవరితో ఆడాలన్న విషయంలో లియాండర్ పేస్, మహేష్ భూపతి, రోహన్ బోపన్నల మధ్య గొడవ వచ్చింది. అంతకు కొన్ని వారాల ముందే సానియా, భూపతి కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి ఉన్నారు. అయినా టెన్నిస్ సంఘం ఆమెను పేస్‌తో జత చేసింది. మగవారి కోపాన్ని చల్లార్చడానికి తనను ఎరగా వాడుకున్నారని, ఇది పురుషాహంకారమని ఆమె బహిరంగ ప్రకటన చేసింది. మన కుటుంబాల్లో ఆస్తి తగాదా తీర్చడానికి ఆడపిల్లను మేనరికం ఇచ్చి సర్దుబాటు చేయడం మీకు తెలుసు. లండన్ ఒలింపిక్స్ జట్టులోనూ అదే తర్కం పనిచేసింది. ఆమె ఆడింది, కాని మౌనంగా ఆడలేదు.

ఇక పెళ్ళి. 2010లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను పెళ్ళి చేసుకున్న నాటి నుంచీ ఆమె ఏ దేశం తరఫున ఆడుతుందన్న ప్రశ్న వెంటాడింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమిస్తే, ఒక రాజకీయ నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. అదే ఏడాది ఆసియా క్రీడల్లో సాకేత్ మైనేనితో కలిసి ఆమె మన దేశానికి బంగారు పతకం తెచ్చింది. పెళ్ళితో స్త్రీ పుట్టింటి నుంచి అత్తింటికి మారిపోతుందన్న పితృస్వామ్య సూత్రాన్నే ఇక్కడ దేశాలకు వర్తింపజేశారు. ఏ మగ క్రీడాకారుడినీ ఏ దేశపు అల్లుడని ఎత్తిపొడిచి అతని దేశభక్తిని కొలవరు. 2016లో, ప్రపంచంలో మొదటి ర్యాంకులో ఉండగా, ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆమెను ఇంకెప్పుడు స్థిరపడతారని, పిల్లల మాటేమిటని అడిగారు. మొదటి స్థానంలో ఉండడం స్థిరపడడం కాదా అన్న అర్థంలో ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఇలాంటి ప్రశ్న మగవారిని వేసేవాడిని కానని ఆ జర్నలిస్టు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణ మంచిదే. కాని ఆ ప్రశ్న మన ఊళ్ళలో టీచరమ్మనూ, ఎ.ఎన్.ఎం.నూ, సర్పంచినీ రోజూ అడుగుతూనే ఉన్నారు.

నాలుగోసారి ఆటకు దూరమైంది బిడ్డ కోసం. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగి వచ్చిన మొదటి టోర్నమెంటులోనే, హోబర్ట్‌లో, నాదియా కిచెనోక్‌తో కలిసి టైటిల్ గెలిచింది. పత్రికలు దీన్ని తల్లి మనోబలం అని రాశాయి. మనోబలం ఉంది, కాదనను. కాని మనోబలం మాత్రమే చాలితే ఈ హాలులో ఉన్న మనందరం ఏదో ఒక రంగంలో మొదటి ర్యాంకులో ఉండేవాళ్ళం. ఆమెకు తోడ్పడినది ఒక నియమం.

ఈ నియమం కథ కొంచెం వివరంగా చెప్పాలి. టెన్నిస్ ర్యాంకు గత ఏడాది ఆడిన ఆటల మీద ఆధారపడుతుంది. ఏడాది ఆడకపోతే ర్యాంకు పోతుంది. ర్యాంకు పోతే పెద్ద పోటీల్లోకి ప్రవేశం పోతుంది. బిడ్డను కన్న క్రీడాకారిణి మళ్ళీ అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. 2009లో రోజర్ ఫెదరర్‌కు కవల పిల్లలు పుట్టారు. కొద్ది నెలలకే, 2010 జనవరిలో, అతను ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. తండ్రి కావడం వల్ల అతని ర్యాంకు ఒక్క మెట్టు కూడా దిగలేదు. 2017లో గర్భంతోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన సెరెనా విలియమ్స్, బిడ్డ పుట్టాక 2018లో ఫ్రెంచ్ ఓపెన్‌కు వచ్చేసరికి ర్యాంకు 450 దాటి ఉంది. ఆమెకు సీడింగ్ ఇవ్వలేదు. చర్చ రేగింది. ఆ ఏడాది డిసెంబరులో మహిళా టెన్నిస్ సంఘం నియమాలు మార్చింది. బిడ్డ పుట్టిన మూడేళ్ళ లోపు తిరిగి వచ్చే తల్లి తన పాత ర్యాంకుతోనే 12 టోర్నమెంట్లలోకి ప్రవేశించవచ్చు. ఇలా కాపాడి ఉంచిన ర్యాంకుతోనే సానియా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత పొందింది. ఆ ర్యాంకు 9. నాలుగు ఒలింపిక్స్ ఆడిన స్త్రీ అయింది.

ఆ నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మగవారికి ఇచ్చే బహుమతి సొమ్ములో చిన్న వంతు మాత్రమే తమకు ఇస్తున్నారని 1970లో తొమ్మిది మంది క్రీడాకారిణులు అమెరికాలో సంఘానికి ఎదురు తిరిగి, పేరుకు ఒక్క డాలరు ఒప్పందం మీద సంతకాలు చేసి తమ పోటీలు తామే పెట్టుకున్నారు. 1973లో బిల్లీ జీన్ కింగ్ నాయకత్వంలో మహిళా టెన్నిస్ సంఘం ఏర్పడింది. ఆ ఏడాదే యు.ఎస్. ఓపెన్ స్త్రీ పురుషులకు సమాన బహుమతి ఇచ్చింది. వింబుల్డన్ ఆ పని చేయడానికి 2007 దాకా పట్టింది. అంటే 34 ఏళ్ళు. 2025 మార్చిలో ఆ సంఘం క్రీడాకారిణులకు పన్నెండు నెలల వరకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవు నిధిని ప్రకటించింది.

అదే 2025 మార్చిలో మన రాష్ట్రంలో ఒక నిర్ణయం జరిగింది. ఆశా కార్యకర్తలకు మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో కూడిన సెలవు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. ఊరందరి కాన్పులూ చూసే ఆశాకు తన కాన్పుకు సెలవు లేని స్థితి ఏళ్ళ తరబడి నడిచింది. ఆశాలు రోడ్డెక్కి ధర్నాలు చేశారు, అరెస్టయ్యారు. ప్రపంచ టెన్నిస్ తారలూ, మన ఊరి ఆశా కార్యకర్తలూ ఒకే నెలలో ఒకే హక్కు దగ్గరికి చేరడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇద్దరూ సంఘం పెట్టుకున్నవాళ్ళే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. కాని దుకాణాలు, ఇతర సంస్థల్లో పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే వాటికే ఆ చట్టం వర్తించేది. కూలికి వెళ్ళే స్త్రీకి పాత ర్యాంకును కాపాడి ఉంచేవారు ఎవరూ లేరు.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన అభ్యంతరానికి వస్తాను. సానియాకు క్లబ్బు కోర్టు దొరికింది, ఇంగ్లీషు చదువు దొరికింది, కూతురి ఆట కోసం తమ జీవితాన్నే మలుచుకున్న తల్లిదండ్రులు దొరికారు. అంచేత ఆమె జీవితాన్ని మన పిల్లల ముందు ‘కష్టపడితే మీరూ కావచ్చు’ అన్న నీతికథగా పెట్టడం అన్యాయం. పోల్చడానికి మన తెలుగు స్త్రీలు ఇంకో ఇద్దరిని తీసుకుందాం.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి. 1994, 1995లలో వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ విజేత. 1997లో పెళ్ళయింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. 2001లో బిడ్డ పుట్టాడు. 2004 ఏథెన్స్‌కు తిరిగి వచ్చింది, కాని నడుము సహకరించక విఫలమై ఆట విడిచింది. ఆమెకు ర్యాంకును కాపాడే నియమం లేదు. ఆహార సంస్థలో ఉద్యోగం ఉండడంతో బతుకు ఆగలేదు. రెండో స్త్రీ విజయవాడ కోనేరు హంపి. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్. 2017లో కూతురు పుట్టింది. రెండేళ్ళు చదరంగానికి దూరంగా ఉంది. 2019లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది, 2024లో మళ్ళీ అయింది. ఆమెకూ ఓ.ఎన్.జి.సి. ఉద్యోగం ఉంది, ఇంట్లో బిడ్డను చూసుకునే పెద్దలున్నారు. ముగ్గురి జీవితాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి స్పష్టమవుతుంది. తిరిగి రావడానికి ప్రతిభ కాక మరో నాలుగు కావాలి: వైద్యం, ఆట లేని నెలల్లో తిండి, బిడ్డను చూసే చేతులు, ఖాళీగా అట్టిపెట్టిన స్థానం.

ఐదోది కూడా చెప్పాలి, భయం లేకపోవడం. 2023 జనవరిలో మన దేశపు మేటి మహిళా రెజ్లర్లు తమ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. మే నెలలో పోలీసులు వాళ్ళను రోడ్డు మీద ఈడ్చుకెళ్ళారు. డిసెంబరులో, ఒలింపిక్ పతక విజేత సాక్షి మలిక్ తన బూట్లు బల్ల మీద పెట్టి ఆట మానేస్తున్నానని చెప్పింది. ఆమె కీళ్ళు అరగలేదు, ఫామ్ పోలేదు. ఫిర్యాదు చేసినందుకు ఒక క్రీడాకారిణి వృత్తి అక్కడ ఆగిపోయింది. ఇంటినుంచి పిల్లను ఆటకు పంపడానికి తల్లి భయపడితే, ఆ తల్లిని వెనకబడిన మనిషి అనకండి. ఆమె భయానికి ఆధారం ఉంది.

మన ప్రాంతానికి వద్దాం. ఇదే కోనసీమలో అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బాడ్మింటన్‌లో ప్రపంచ స్థాయికి ఎదిగాడు. మనందరికీ గర్వకారణమే. ఆ కుర్రాడితో పాటు అదే వయసులో రాకెట్ పట్టుకున్న ఆడపిల్లలు ఎంతమంది, వాళ్ళు ఏ తరగతిలో మానేశారు అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. మనం ఇళ్ళకు వెళ్ళినప్పుడు తల్లులు చెప్పే కారణాలు మీకు నాకన్నా బాగా తెలుసు. పిల్ల పెద్దమనిషైంది. బడిలో మరుగుదొడ్డికి నీళ్ళు లేవు. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతున్నారు. మైదానంలో మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటే ఆడపిల్లలు గోడవారన నిలబడుతున్నారు. పోటీలకు వేరే ఊరు వెళ్తే వెంట ఆడ టీచరు లేదు. తల్లి గల్ఫ్‌లో ఉంటే ఇంటి పనంతా పెద్దపిల్ల మీద పడింది. చివరికి, మంచి సంబంధం వచ్చింది. వీటిలో ఒక్కటి కూడా పిల్ల ప్రతిభకు సంబంధించినది కాదు.

అయితే చేతిలో ఏమున్నాయి? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాను, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండి తీరాలి. ఇది దయ కాదు, చట్టంలోని ప్రమాణం. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులుండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. మనలో చాలామంది ఆ కమిటీల్లో పేరుకు ఉన్నారు, సంతకానికి పిలుస్తారు. ఆ కమిటీలో ఆటల పీరియడ్ గురించి అడిగిన తల్లి ఎవరైనా ఉన్నారా? పద్దెనిమిదేళ్ళ లోపు పెళ్ళిని ఆపడానికి 2006 నాటి చట్టం ఉంది. ఆటల సంఘాల్లో, శిక్షణ కేంద్రాల్లో ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. జిల్లా క్రీడా సంఘానికి వెళ్ళి ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆట మానేసిన పిల్లను మళ్ళీ పిలవాలి. ఏడో తరగతిలో మానేసిన పిల్లను తొమ్మిదిలో పిలవాలి. పెళ్ళయి తిరిగి వచ్చిన పిల్లను, బిడ్డను ఎత్తుకుని వచ్చిన పిల్లను కూడా పిలవాలి. మన సంఘాల్లో సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతాం, మహిళా దినోత్సవానికి కుర్చీలాట పెడతాం. వాటి బదులు ముప్పై, నలభై ఏళ్ళ స్త్రీలకు ఒక కబడ్డీ పోటీ పెట్టి చూడండి. చిన్నప్పుడు ఎవరు ఎంత బాగా ఆడేవారో ఆ రోజు మైదానంలో తెలుస్తుంది. తల్లి ఆడడం చూసిన కూతురికి ఆట మానెయ్యమని చెప్పడం ఆ ఇంట్లో అంత తేలిక కాదు.

సానియా 2022 మొదట్లో రిటైర్ అవుతానని చెప్పినప్పుడు మూడు కారణాలు చెప్పింది: శరీరం కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతోంది, మోకాలు నొప్పి, మూడేళ్ళ కొడుకుతో మహమ్మారి కాలంలో ప్రయాణాలు ప్రమాదం. ఆ తర్వాత మోచేతి దెబ్బ వల్ల ఆ ఏడాది ముగించలేకపోయింది. 2023 జనవరిలో 36 ఏళ్ళ వయసులో బోపన్నతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి మ్యాచ్ ఆడింది. అది మొదటి రౌండ్ ఓటమి. ఓడి ఆగింది, కాని ఎప్పుడు ఆగాలో తానే తేల్చుకుంది. నల్లబడతావని చుట్టాలు అన్నప్పుడు ఆగలేదు, మత పెద్ద చెప్పినప్పుడు ఆగలేదు, పెళ్ళప్పుడు, కాన్పప్పుడు ఆగలేదు.

మన పిల్లలకు గ్రాండ్‌స్లామ్ కావాలని నేను అడగడం లేదు. ఆట ఎప్పుడు మానాలో వాళ్ళే తేల్చుకునే వీలు ఉండాలంటున్నాను. ఈ మధ్యాహ్నం చర్చలో ప్రతి ఒక్కరూ మీ మీ ఊరి బడి గురించి మూడు సంగతులు చెప్పండి. ఆటస్థలం ఉందా, దానిలో ఆడపిల్లలు ఎంతమంది ఆడుతున్నారు, చివరగా ఆట మానేసిన పిల్ల ఎవరు, ఎందుకు మానేసింది. మూడో దానికి జవాబు తెలియకపోతే తిరిగి వెళ్ళాక ఆ ఇంటికి వెళ్ళి అడగండి. వచ్చే సమావేశానికి ఆ పిల్లల జాబితా మన దగ్గర ఉండాలి.